5 మి.మీ. గ్రాస్పర్: విజయనగరం వర్క్‌షాపు నుంచి ప్రాజెక్టు డైరీ

లాపరోస్కోపీలో, అంటే చిన్న బెజ్జాల గుండా చేసే ఆపరేషన్‌లో, సర్జన్ చెయ్యి పొట్ట బయట ఉంటుంది, పని లోపల జరుగుతుంది. మధ్యలో ఉండేది 5 మి.మీ. గొట్టం. దాని చివర రెండు దవడలు, ఇవతల పిడి, లోపల ఒక కడ్డీ. కణజాలాన్ని పట్టుకునే ఈ పరికరమే గ్రాస్పర్. ఆ గ్రాస్పర్‌ని విజయనగరంలో దొరికే మెషీన్లతో, దొరకని పనికి విశాఖ ఆటోనగర్ దాకా వెళ్లి, ఎంతవరకు చెయ్యగలమో చూడటమే ఈ ప్రాజెక్టు. ఇది నేర్చుకోవడానికి చేస్తున్న నమూనా. కోడి చర్మం, మేక పేగు, స్పాంజి ముక్కల మీదే వాడతాం. రోగి దగ్గరికి వెళ్లాలంటే 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు, బయోకంపాటిబిలిటీ (శరీరానికి హాని చెయ్యదని తేల్చే) పరీక్షలు, వైద్య పరికరాల తయారీలో నాణ్యతకు ఐఎస్ఓ 13485 పద్ధతులు ఉన్నాయి. అది వేరే దారి.

1వ వారం: కాగితం మీద

తీసుకున్న కొలతలు: గొట్టం బయటి వ్యాసం 5, లోపలి వ్యాసం 4, పొడవు 330 మి.మీ. దవడ కొన నుంచి ఇరుసు సీల దాకా 18. పిడిలో వేలి రింగు నుంచి ఇరుసుకు 70, ఇరుసు నుంచి కడ్డీ తగులుకునే చోటికి 14. అంటే వేలితో 15 న్యూటన్లు నొక్కితే కడ్డీ మీద 75 పడుతుంది.

కడ్డీని లాగితే దవడలు మూసుకోవాలా, తోస్తేనా? లాగితేనే. 1.6 మి.మీ. స్టీలు కడ్డీని 330 మి.మీ. పొడవున ఏ ఆధారం లేకుండా తోస్తే, ఆయిలర్ లెక్కన 5.6 న్యూటన్ల దగ్గరే వంగిపోతుంది. మనకు కావలసింది 75. లాగేటప్పుడు ఆ బాధ లేదు. అంత బలానికీ కడ్డీ సాగేది 0.06 మి.మీ. మాత్రమే. తెరవడానికి తోయక తప్పదు గానీ, దానికి పెద్ద బలం అక్కర్లేదు.

దవడ కదిలే తీరు ఇదీ. కడ్డీ కొసన అడ్డంగా ఒక సీల ఉంటుంది. ఒక్కో దవడ తోకలో ఏటవాలుగా ఒక గాడి. సీల వెనక్కి జరిగితే గాడి గోడను నెడుతుంది, దవడ తిరుగుతుంది. గాడి ఎంత ఏటవాలుగా ఉండాలన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు తప్పుగా ఇచ్చుకుని రెండో వారం మొత్తం పోగొట్టుకున్నాం.

2వ వారం: నాలుగింతల నమూనా

అసలు సైజులో తప్పు కంటికి కనబడదు. అందుకే అన్నీ నాలుగింతలు చేసి, 3డీ ప్రింటర్లో వాడే ప్లాస్టిక్ అయిన పీఎల్‌ఏలో ప్రింట్ చేశాం. 20 మి.మీ. లావు, సీలలకు 5 మి.మీ. గుండ్రటి మేకులు, కీళ్లలో 0.25 మి.మీ. ఖాళీ. గాడిని అక్షానికి 65 డిగ్రీల వాలులో పెట్టాం. కడ్డీ కొంచెం జరిగినా దవడలు బాగా విచ్చుకోవాలని ఆశ. విచ్చుకున్నాయి కూడా. మూసేటప్పుడు మాత్రం బిగుసుకుపోయాయి. ఎంత లాగినా కడ్డీ కదలదు, దవడ కదలదు.

కారణం రాపిడి. రాపిడి గుణకం 0.4 అనుకుంటే, వాలు 68 డిగ్రీలు చేరేసరికి దవడను తిప్పే బలం సున్నా అయిపోతుంది. 65 దాని గుమ్మంలోనే ఉంది. ప్రింటు పొరల గరుకు మిగతా మూడు డిగ్రీలూ తినేసింది. వాలు 50కి తగ్గించాం. సీల, ఇరుసు మధ్య దూరం మూసినప్పుడు 4.5 మి.మీ. రాపిడి లేకపోతే కొన దగ్గర 7.9 న్యూటన్లు రావాలి. 0.4 రాపిడితో లెక్క కడితే 3.1. అంటే సగానికి పైగా బలం గాడిలోనే హరించుకుపోతోంది. 40 డిగ్రీలు పెడితే అదే రాపిడిలో 5 వస్తుంది గానీ, 2.5 మి.మీ. స్ట్రోక్‌కు (కడ్డీ జరిగే దూరానికి) దవడ విచ్చుకునేది 38 డిగ్రీల నుంచి 27కి పడిపోతుంది. పేగు మడతను పట్టుకోవడానికి అది చాలదు. 50 దగ్గరే ఆగి, రాపిడి సంగతి పాలిష్‌తో చూసుకుందామనుకున్నాం.

3వ వారం: కడ్డీ, గొట్టం

కడ్డీకి టిగ్ వెల్డింగ్‌లో వాడే ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 308ఎల్ ఫిల్లర్ రాడ్, 1.6 మి.మీ. మీటరు పొడవున తిన్నగా వస్తుంది, వెల్డింగ్ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. చుట్టగా వచ్చే తీగ వద్దు. ఎంత సాగదీసినా వంపు పోదు, గొట్టంలో గీరుకుంటుంది. కడ్డీ కొసను చల్లగానే సుత్తితో 0.8 మి.మీ. మందానికి చదును చేస్తే వెడల్పు సుమారు 2.5 అవుతుంది. 1.2 మి.మీ. బెజ్జం వేశాక ఇరుపక్కలా 0.65 మిగులుతుంది, అది చాలు. సుత్తి దెబ్బలు చిన్నవిగా, కడ్డీని తిరగేస్తూ వెయ్యాలి. ఒకే పక్క కొడితే కొస అరటికాయలా వంగుతుంది.

గొట్టం ఎస్ఎస్ 304. పైపు కట్టర్ పెడితే నోరు లోపలికి ముడుచుకుంది, 4 మి.మీ. స్లీవ్ దూరలేదు. సన్నటి కటింగ్ డిస్కుతో కోసి, లోపలి అంచు బర్రు (కోత మిగిల్చే గరుకు అంచు) తీయాలి. కోసేటప్పుడు లోపల 3.9 మి.మీ. డ్రిల్ బిట్ తోక పెట్టి ఉంచితే నోరు గుండ్రంగా నిలుస్తుంది.

లోపలి స్లీవ్‌కి 3డీ ప్రింటర్‌లో ఫిలమెంట్ నడిచే తెల్ల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ట్యూబు సరిగ్గా సరిపోయింది: బయట 4, లోపల 2. మొదట గొట్టం పొడవునా ఒకే ముక్క తొడిగాం. కడ్డీ వెన్నలా నడిచింది. ఆ ఆనందం ఒక ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌కి చూపించేదాకానే. ఆమె దవడల వంక చూడలేదు. గొట్టం నోట్లోకి చూసి, "దీన్లోకి రక్తమెళ్లి ఎండిపోతే ఏటెట్టి కడుగుతారు బాబూ?" అని అడిగారు. 2 మి.మీ. బెజ్జంలో 1.6 కడ్డీ. చుట్టూ మిగిలేది 0.2 మి.మీ. సందు. 20 మి.లీ. సిరంజితో బలంగా నొక్కినా అవతలికి బొట్టు బొట్టుగానే వచ్చింది.

స్లీవ్‌ని మూడు చిన్న ముక్కలు చేశాం, ఒక్కోటి 20 మి.మీ. వాటి బయటి అంచున నిలువునా రెండు గాట్లు పెట్టాం, నీళ్లు పోవడానికి. ఆధారాల మధ్య దూరం సుమారు 110 మి.మీ. అంటే గొట్టం పొడవులో మూడో వంతు. పొడవు మూడో వంతయితే కడ్డీ వంగే బలం తొమ్మిది రెట్లవుతుంది, 5.6 కాస్తా 50 న్యూటన్లు. తెరవడానికి అది ఎక్కువే. ముక్కలు జారిపోకుండా ఒక్కోదాని మీద గొట్టానికి సెంటర్ పంచ్‌తో చిన్న నొక్కు. నొక్కు లోపలికే పోతుంది కాబట్టి బయటి వ్యాసం పెరగదు. గట్టిగా కొడితే మాత్రం స్లీవ్ నలిగి కడ్డీని పట్టేస్తుంది. పిడి వైపు సిరంజి బిగించే లూయర్ మూతి ఒకటి కలిపాం. ఇప్పుడు 20 మి.లీ. నీళ్లు ధారగా వస్తున్నాయి.

4, 5 వారాలు: దవడలు

మొదటి జత చేసిన తీరు తప్పు. అయినా రాసి ఉంచుతున్నాం, ఇది అందరూ చేసే తప్పే.

420 గ్రేడు స్టీలు 5 మి.మీ. రాడ్. మెత్తగా ఉండగానే ఆటోనగర్లో, కరెంటు నిప్పురవ్వలతో సన్న తీగ లోహాన్ని కోసే వైర్‌కట్‌కి ఇచ్చాం. ముందుగా పక్క నుంచి కనబడే ఆకారం, తర్వాత 90 డిగ్రీలు తిప్పి తోకను 0.75 మి.మీ. మందానికి కోత. ఇరుసు బెజ్జం ఇక్కడ డ్రిల్లింగ్ మెషీన్‌పై వేశాం. ఆ తర్వాత మఫిల్ ఫర్నేస్‌లో 1020 డిగ్రీల సెల్సియస్, 20 నిమిషాలు, నూనెలో ముంచడం, 200 డిగ్రీల వద్ద రెండు గంటలు టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడి చెయ్యడం). గట్టిదనం 50 రాక్‌వెల్ సి దరిదాపుకు వచ్చింది. టెంపరింగ్ వేడి 430–600 మధ్యకు వెళ్లకూడదు, 420కి ఉన్న తుప్పు తట్టుకునే గుణం అక్కడ పోతుంది.

బయటకు తీసి చూస్తే 0.75 మందపు తోకలు వంకర పోయాయి. బెజ్జం మీద నల్ల పొర. మేం వేసిన డ్రిల్లు ఎలాగూ పక్కకు పోయింది. కూర్చి, పిడిని కదలకుండా బిగించి, దవడ కొనకు డయల్ గేజ్ ఆనించి అటూ ఇటూ కదిపాం: 1.9 మి.మీ. లెక్క వెనక్కి కడితే కడ్డీ దగ్గర ప్లే (వదులు కదలిక) 0.4. నాలుగు కీళ్లు, ఒక్కోదాంట్లో 0.1 ఖాళీ. చూడ్డానికి ఎంతో లేదు. కానీ ఉన్న స్ట్రోకే 2.5 మి.మీ. అందులో 0.4 అంటే ఆరో వంతు. వేలి దగ్గర అది ఐదింతలై 2 మి.మీ. ఉత్త కదలిక. 38 డిగ్రీలు విచ్చుకోవలసిన దవడ 32 దగ్గరే ఆగింది. సూది పట్టుకుంటే సూది తల ఊపుతోంది.

దవడ పళ్ల ఆకారం మీద ఎన్ని స్కెచ్‌లు గీశామో! పరికరం మంచిచెడ్డలు తేలేది అక్కడ కాదు. 1.2 మి.మీ. బెజ్జంలో.

రెండో జతకు క్రమం తిరగేశాం. వైర్‌కట్‌కి లోహం గట్టిదా మెత్తదా అన్న తేడా లేదు. కాబట్టి ముందు రాడ్ మెత్తగా ఉండగా ఇరుసు చోట, గాడి చోట 1 మి.మీ. బెజ్జాలు మాత్రం డ్రిల్ చెయ్యాలి, వైరు దూరడానికి. తర్వాత గుండ్రటి రాడ్‌నే గట్టి చెయ్యాలి. లావుగా ఉంటుంది కాబట్టి వంకర పోదు, పోయినా ఇంకా కోత ఉంది. స్టెయిన్‌లెస్ రేకులో గాలి చొరకుండా చుట్టి పెడితే నల్ల పొర చాలావరకు తగ్గుతుంది. అప్పుడు వైర్‌కట్. ఇరుసు బెజ్జం, గాడి రెండూ ఒకే బిగింపులో కొయ్యాలని ఆపరేటర్‌కి డ్రాయింగు మీద రాసి, నోటితో కూడా చెప్పాలి. మధ్యలో ముక్కను విప్పి మళ్లీ బిగిస్తే ఆ రెండింటి మధ్య దూరం మారిపోతుంది. 0.25 వైరుకి కోత వెడల్పు సుమారు 0.3 అని లెక్కలో వేసుకోవాలి. గాడి వెడల్పు 1.25 అడిగాం, 1.24 వచ్చింది.

90 డిగ్రీలు తిప్పడానికి ఆనవాలు లేకపోతే గుండ్రటి రాడ్ ఎటు తిరిగిందో తెలియదు. రాడ్ వెనక కొసన ముందుగానే రెండు చదును ముఖాలు గ్రైండ్ చేయించి, అవి పట్టుకుని తిప్పాం.

ఈ జతకు డయల్ గేజ్ 0.76 చూపించింది. కడ్డీ దగ్గర 0.16.

6వ వారం: ఫోర్కు, సీల

దవడలు కూర్చునే ఫోర్కు ఎస్ఎస్ 304, 5 మి.మీ. రాడ్ నుంచి లేత్ మీద. వెనక 4 మి.మీ. వ్యాసంతో 8 మి.మీ. తోక గొట్టంలోకి దూరుతుంది. మధ్య గాడి 2.4. అందులో రెండు తోకలు 0.75 చొప్పున, వాటి మధ్య కడ్డీ చదును 0.8, మొత్తం 2.3. మిగిలిన 0.1 కదలడానికి. అడ్డ సీల 2.3 పొడవుకే కోస్తే చాలు, ఫోర్కు గోడలే దాన్ని పడిపోకుండా ఆపుతాయి.

ఇరుసు సీలను మాత్రం రెండు చివర్లా బిగించాలి. మొదట 304 తీగ ముక్క పెట్టి సుత్తితో రివిట్ కొట్టాం. రెండు దెబ్బలు ఎక్కువై ఫోర్కు గోడలు దగ్గరకొచ్చి దవడలు బిగుసుకున్నాయి. దీనికో చిట్కా ఉంది: ఫోర్కు గోడకీ దవడ తోకకీ మధ్య నోట్‌బుక్ కాగితం పట్టీ ఒకటి పెట్టి రివిట్ కొట్టి, తర్వాత కాగితాన్ని నీళ్లతో నానబెట్టి లాగెయ్యాలి. కాగితం మందం 0.1 దగ్గర ఉంటుంది, సరిగ్గా కావలసినంత ఖాళీ మిగులుతుంది.

అది పనిచేసింది. సీల పని చేయలేదు. ఒక సర్వో మోటారు హార్న్‌ని 20 మి.మీ. దూరంలో లింకుతో పిడికి కట్టి, రెండు సెకన్లకోసారి మూసి తెరిచేలా 10,000 సార్లు తిప్పాం. ఐదున్నర గంటలు. ప్లే 0.16 నుంచి 0.38కి పోయింది. విప్పి చూస్తే 304 సీల, 304 ఫోర్కు ఒకదాన్నొకటి చెక్కుకుని పొడి రాలింది. ఒకే రకం మెత్తటి స్టెయిన్‌లెస్ రెండూ రాసుకుంటే ఇలాగే అంటుకుని చిరుగుతాయి. ఒకటి గట్టిదై తీరాలి.

గట్టి సీలకు 1.2 మి.మీ. డ్రిల్ బిట్ తోక వాడాం. మైక్రోమీటర్ మీద 1.19. ఇది తుప్పు పడుతుంది, నమూనాకే సరి. చివరికి గట్టి చేసిన 420 సీలే రావాలి. కానీ గట్టి సీల రివిట్‌కి లొంగదు, తల పగులుతుంది. బంగారం పనివాళ్ల దుకాణంలో ఉండే లేజర్ సోల్డరింగ్ యంత్రం ఇక్కడ అక్కరకొచ్చింది. రెండు చివర్లా ఒక్కో చుక్క వెల్డు. వేడి పక్కకు పాకదు, దవడ గట్టిదనం పోదు. గొట్టానికీ ఫోర్కుకీ కూడా అక్కడే చుట్టూ చుక్కలు వేయించాం. వెండి బ్రేజింగ్ (వెండి కలిసిన రాడ్ కరిగించి అతకడం) చేద్దామని ముందు అనుకున్నాం గానీ, బజార్లో దొరికే కొన్ని రాడ్లలో కాడ్మియం ఉంటుంది. అది ఇలాంటి పనికి తగదు, ఊదేవాడి ఊపిరితిత్తులకీ మంచిది కాదు.

మళ్లీ 10,000 సార్లు. 0.16 నుంచి 0.21.

7వ వారం: పిడి

పీఎల్‌ఏ పిడి చేతికి బాగా కుదిరింది. ప్రెషర్ కుక్కర్‌లో పెట్టాం. కుక్కర్ బరువు దగ్గర ఆవిరి 120 డిగ్రీల చుట్టూ ఉంటుంది, పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే 121 డిగ్రీల ఆటోక్లేవ్‌కి ఇంట్లో దొరికే నకలు. పీఎల్‌ఏ 60 దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి ఏమవుతుందో తెలుసు. అయినా రింగులు కరిగిన జంతికల్లా వాలిపోయి ఉండటం చూస్తే నవ్వొచ్చింది.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పోత పని తరాలుగా ఉంది. పిడిని అలా పోత పోయిస్తే అన్న ఆలోచన లెక్క దగ్గరే ఆగింది. పిడి ఘనపరిమాణం 22 ఘన సెం.మీ. ఇత్తడిలో 187 గ్రాములు, అల్యూమినియంలో 59. గొట్టం, కడ్డీ కలిపి 25 గ్రాములు కూడా లేవు. గంటసేపు పట్టుకోవలసిన చేతికి 187 చాలా ఎక్కువ. అల్యూమినియం తేలికే గానీ క్షారగుణం ఉన్న కడుగు ద్రావణాలు దాన్ని తింటాయి.

చివరికి 3 మి.మీ. ఎస్ఎస్ 304 ప్లేటును లేజర్ కటింగ్ చేయించాం. అంచులు వేళ్లను కోస్తాయి కాబట్టి రింగుల లోపల నిలువునా చీల్చిన సిలికాన్ ట్యూబు తొడిగాం. పట్టు వదలకుండా పిడిని ఆపే రాచెట్ పళ్లు కూడా అదే ప్లేటులో. ప్రింటు చేసిన పళ్లు కొన్ని వందల సార్లకే గుండ్రమయ్యాయి.

కడ్డీ వెనక కొసకు కరెంటు పనివాళ్లు వాడే కనెక్టర్ పట్టీలోని ఇత్తడి ముక్క వాడాం, రెండు స్క్రూలు ఉన్నది. కడ్డీ పొడవు అర మిల్లీమీటరు అటూ ఇటూ సర్దుకోవడానికి ఇంతకంటే సులువైనది దొరకలేదు. దవడలు పూర్తిగా మూసుకున్నప్పుడు రాచెట్ మొదటి పన్ను తగిలేలా సర్ది బిగించాలి. వదులుగా పెడితే రాచెట్ పడ్డా పట్టు ఉండదు.

8వ వారం: కొలిచి చూడటం

కొన బలానికి 5 కిలోల లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సరు), దాన్ని చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు. తెలిసిన బరువులతో ముందు సరిచూసి, మెషీన్ ఆన్ చేశాక పది నిమిషాలు ఆగాలి, లేకపోతే సున్నా జారుతూ ఉంటుంది. వేలి రింగుకి 1.5 కిలోల బరువు వేలాడదీసి కొలిచాం. వైర్‌కట్ నుంచి వచ్చిన గరుకు గాడితో 3.2 న్యూటన్లు. 0.4 రాపిడికి లెక్క చెప్పిన 3.1కి ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు. తర్వాత గాడి గోడలను 600, 1000 నంబరు ఎమరీ కాగితం సన్నపట్టీలతో రుద్ది, నీటిలో కరిగే సర్జికల్ లూబ్రికెంట్ వేసి మళ్లీ: 4.8. గాడి 1.24 నుంచి 1.26 అయింది. ఆ 0.02 ప్లే ఇచ్చి బలం కొనుక్కున్నట్టు.

గ్యాస్ లీకు: ఆపరేషన్‌లో పొట్టలో కార్బన్ డయాక్సైడ్ 12–15 మి.మీ. పాదరస పీడనంలో ఉంటుంది. దవడ వైపు గొట్టానికి రబ్బరు ట్యూబు తొడిగి, బీపీ మెషీన్ బల్బుతో 15కి ఎక్కించి, పిడి వైపు నీళ్లలో ముంచాం. బుడగలు వచ్చాయి. కడ్డీ బయటికొచ్చే చోట సిలికాన్ ఓ-రింగు, దాని వెనక చిన్న వాషరు. ఓ-రింగు లోపలి వ్యాసం 1.5 ఉంటే ఆగింది. 1.2 పెడితే కడ్డీని పట్టేసి వేలికి కణజాలం స్పర్శే తెలియలేదు.

9వ వారం: తుప్పు

కూర్చకముందు ముక్కలను డిటర్జెంటుతో, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి, నిమ్మ ఉప్పు ద్రావణంలో పాసివేషన్ (తుప్పు పట్టకుండా పైన రక్షణ పొర ఏర్పరచడం). కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పే సిట్రిక్ యాసిడ్. పరిశుభ్రమైనది చూసి కొని, డిస్టిల్డ్ వాటర్ 900 గ్రాములకు 100 గ్రాములు, 50–60 డిగ్రీల మధ్య 15 నిమిషాలు. నూనె జిడ్డు ఉంటే ఆమ్లం అక్కడ పని చెయ్యదు, కాబట్టి కడగడమే సగం పని.

తర్వాత మరిగించే పరీక్ష: డిస్టిల్డ్ నీళ్లలో 30 నిమిషాలు మరిగించి, అందులోనే మూడు గంటలు వదిలి, తీసి ఆరబెట్టి చూడటం. గొట్టం, ఫోర్కు, పిడి శుభ్రం. డ్రిల్ తోక సీల ఎర్రబడింది, అనుకున్నదే. అనుకోనిది ఎడమ దవడ గాడి మూలలో చిటికెడు గోధుమ రంగు మచ్చ. పది రెట్ల లెన్సులో చూస్తే అక్కడ ఎమరీ పట్టీ చేరలేదు. వైర్‌కట్ నిప్పురవ్వలు కరిగించి గడ్డకట్టించిన సన్నపొర అలాగే ఉంది. ఇత్తడి వైరు నుంచి వచ్చిన రాగి, జింకు ఆ పొరలో చేరతాయి, దాని మీద పాసివేషన్ నిలవదు.

గాడి చివరలను చదరంగా కాక 0.62 వ్యాసార్థంతో గుండ్రంగా మార్చి డ్రాయింగు సవరించాం. పట్టీ బదులు 1 మి.మీ. తీగకు వజ్రపు పేస్టు పూసి తిప్పితే మూల దాకా చేరుతుంది. వైర్‌కట్‌లో చివరి సన్న కోత ఒకటి అదనంగా అడిగాం. మూడో జతకు రాడ్ గట్టి చేసి సిద్ధంగా ఉంది, ఆటోనగర్‌లో మెషీన్ ఖాళీ అయ్యేది వచ్చే వారం.